రాజమండ్రి నుంచి నాన్నగారితో ఏటీఆర్‌లో: ఎక్కేముందు ఆయనకి చెప్పాల్సినవి

అల్లవరం వైపు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటు వచ్చింది, చేరేముందు క్యాంపస్సూ హాస్టలూ నాన్నగారికి చూపించాలి. రొయ్యల చెరువులు వదిలి ఆయన రెండు రోజులకి మించి ఉండలేరు కాబట్టి అన్నయ్య మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి పొద్దుటి విమానానికి టికెట్లు తీశాడు. అది ఏటీఆర్ అని, రెక్కలకి ఫ్యాన్లుండే చిన్న విమానమని ఎవరో చెప్పిన దగ్గర్నుంచీ నాన్నగారు "నువ్వు దాంట్లో వెళ్లమ్మా, నేను గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేస్తాను" అంటున్నారట. టికెట్లు మార్చెయ్యాలా, ఆయన్ని ఒప్పించాలా, ఒప్పిస్తే దారిలో భయపడకుండా ఎలా చూసుకోవాలి అన్నది ఆ అమ్మాయి సందేహం.

టికెట్లు మార్చొద్దమ్మా. నేను ఏటీఆర్ విమానాల మెయింటెనెన్స్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి, మాదీ కోనసీమే. మన పల్లెల నుంచి మొదటిసారి విమానమెక్కే పెద్దవాళ్లని చాలామందిని చూశాను. మీ నాన్నగారిది పిరికితనం కాదు. రాత్రిపూట నిద్రలో ఉండగా చెరువు మీద ఏరేటర్ శబ్దం మారితే చటుక్కున లేచి టార్చిలైటు పట్టుకుని పరిగెత్తే మనిషి ఆయన. మోటారు చప్పుడు తగ్గిందంటే నీళ్లలో గాలి తగ్గింది, గాలి తగ్గిందంటే పంట పోయింది. అలా బతికిన చెవులు విమానంలో కూడా ఊరుకోవు. ఏటీఆర్‌లో శబ్దాలు చాలాసార్లు మారతాయి, మారిన ప్రతిసారీ దానికి కారణం ఉంటుంది. ఆ కారణాలు ముందే తెలిస్తే మీ నాన్నగారు ఆ విమానంలో అందరికన్నా నిశ్చింతగా కూర్చుంటారు. "ఏం కాదు నాన్నా, అందరూ వెళ్తున్నారు కదా" అనే మాట ఆయనకి పనిచేయదు. ఆయనకి కావలసింది వివరం.

మొదట ఫ్యాన్ల సంగతి. ఫ్యాన్లుంటే పాతకాలం విమానమని మనవాళ్లలో గట్టి నమ్మకం ఉంది. అది నిజం కాదు. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో తయారయ్యే ఈ ఏటీఆర్ 72లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే 600 రకం 2011 నుంచే ఎయిర్‌లైన్ల చేతికి వస్తోంది. లోపల ఉండేది జెట్ విమానంలో ఉండే లాంటి టర్బైన్ ఇంజనే, అది తిప్పేది మాత్రం ఆరు రెక్కల ప్రొపెల్లర్‌ని. రాజమండ్రి నుంచి హైదరాబాద్ లాంటి దగ్గర దూరాలకి గంటకి 500 కిలోమీటర్ల వేగం చాలు, ఆ వేగంలో ప్రొపెల్లర్ తక్కువ ఇంధనంతో పని చేసిపెడుతుంది. పెద్ద జెట్ వేసినా మిగిలేది కొద్ది నిమిషాలే. ఇంజన్లు రెండుంటాయి, ఒకటి ఆగినా రెండోదానితో పైకెక్కి, తిరిగొచ్చి, క్షేమంగా దిగగలదని పరీక్షల్లో నిరూపించాకే ఇలాంటి ప్రయాణికుల విమానాలకి అనుమతి ఇస్తారు. ఈ ముక్క ఆయనకి తప్పకుండా చెప్పండి. చెరువుల మీద స్టాండ్‌బై జనరేటర్ పెట్టుకునే మనిషికి వెంటనే అర్థమవుతుంది.

ఇక ఆయన చూసేవీ వినేవీ వరసగా చెప్తాను. ఇదే అసలు విషయం, కాస్త ఓపిగ్గా చదవండి.

మధురపూడిలో విమానం దాకా నడిచో బస్సులోనో వెళ్లి వెనక తలుపు నుంచి ఎక్కుతారు. మెట్లు తలుపుతోనే కిందికి దిగుతాయి, నాలుగైదు మెట్లే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పెద్ద విమానం నిచ్చెనకన్నా ఇదే సుఖం. ఎక్కేటప్పుడు తోక కింద ఒక కడ్డీ ఆనించి ఉండటం ఆయన కంట్లో పడొచ్చు. జనమంతా వెనక నుంచి ఎక్కుతారు కాబట్టి బరువుకి తోక కిందికి వాలకుండా పెట్టే ఊత అది, బయలుదేరే ముందు తీసేస్తారు.

అప్పటికే కుడివైపు ఇంజను మోగుతూ ఉండొచ్చు, కానీ ఫ్యాను తిరగదు. ఇది చూసి చాలామంది కంగారుపడతారు. ఏటీఆర్‌లో కరెంటుకీ ఏసీకీ వేరే చిన్న ఇంజను ఉండదు. అందుకని నేల మీద ఉన్నంతసేపు కుడి ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి, ఆ ఇంజనునే జనరేటర్‌లా వాడుకునే ఏర్పాటు దీనికి ఉంది. మా భాషలో దీన్ని హోటల్ మోడ్ అంటాం. బయలుదేరే ముందు బ్రేకు వదలగానే ఆ ఫ్యాను కూడా తిరుగుతుంది.

లోపల జనం తక్కువగా ఉంటే కొందరిని సీటు మారి కూర్చోమని అడుగుతారు. బరువు ముందూ వెనకా సమంగా ఉండాలి, నిండుగా ఉన్నా 23 టన్నులకి మించని విమానం కాబట్టి పదిమంది ఎక్కడ కూర్చున్నారన్నది లెక్కలోకి వస్తుంది. పడవ మీద రేవు దాటినవాడికి ఇది కొత్త కాదు. ఒకటి మాత్రం జాగ్రత్త: ఖాళీగా ఉంది కదా అని మీ అంతట మీరు టేకాఫ్‌కి ముందు సీట్లు మారకండి.

రన్‌వే మీద పరుగు మొదలైనప్పుడు ఇంజన్లు గట్టిగా మోగుతాయి, లోపల సన్నటి వణుకు ఉంటుంది. నేల వదిలిన కొద్ది సెకన్లకి కాళ్ల కింద ధబ్‌మని చప్పుడు వస్తుంది. చక్రాలు లోపలికి ముడుచుకుని తలుపులు మూసుకున్న శబ్దం అది.

తర్వాత వచ్చేదే ఆయన చెవులకి అసలు పరీక్ష. నేల వదిలి కాసేపు ఎక్కాక ఒక్కసారిగా ఇంజను మోత తగ్గిపోతుంది. ఎక్కేటప్పుడు ప్రొపెల్లర్ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. కొంత ఎత్తుకి చేరాక పైలట్ దాన్ని వెయ్యి లోపుకి తగ్గించి, దాని రెక్కల వాలు పెంచి, అదే గాలిని నింపాదిగా తోసేలా చేస్తారు. అంత మోత అవసరం అక్కడికి తీరిపోయిందన్నమాట. కానీ తెలియనివాళ్లకి ఇంజను ఆగిపోతున్నట్టే ఉంటుంది. మా నాన్నగారిని మొదటిసారి ఎక్కించినప్పుడు సరిగ్గా ఈ చోట నా మణికట్టు పట్టుకున్నారు. "ఇప్పుడు చప్పుడు తగ్గుతుంది నాన్నా" అని అంతకు ముందే చెవిలో చెప్పి ఉన్నాను. తగ్గింది. ఆయన నా వైపు చూసి తలూపి, కిటికీలోకి తిరిగారు. ఆ తర్వాత ల్యాండింగ్ దాకా నన్నేమీ అడగలేదు. మీరూ అదే చేయండి. జరిగాక సర్దిచెప్పడం కన్నా, జరగబోయే ముందు ఒక్క మాట చెప్పడం ఎన్నో రెట్లు పనిచేస్తుంది.

జూలైలో వెళ్తున్నారు కనుక మబ్బుల గురించి కూడా దాచకుండా చెప్పండి. పెద్ద జెట్‌లు ముప్పై వేల అడుగుల పైన పోతాయి. ఏటీఆర్ గరిష్ఠంగా 25,000 అడుగులే, ఇంత దగ్గర దూరానికి ఇంకా కిందే ఎగురుతుంది. వానాకాలం మబ్బుల పైకి పోలేదు, వాటి పక్కనుంచీ మధ్యనుంచీ దారి చూసుకుంటుంది. ముక్కులో వాతావరణ రాడార్ ఉంటుంది, ఉరుముల మబ్బుని తప్పించుకుని చుట్టూ తిప్పి తీసుకెళ్తారు. మామూలు మబ్బుల్లో మాత్రం ఊపు తప్పదు. అమలాపురం దాటాక రావులపాలెంలో హైవే ఎక్కేదాకా కారు ఎలా ఊగుతుందో అంతకన్నా ఎక్కువేం ఉండదు చాలాసార్లు. బెల్టు పెట్టుకుని ఉంటే చాలు, లైటు ఆరిపోయినా తీయనివ్వకండి. మీ అన్నయ్య పొద్దుటి విమానం ఎంచుకోవడం మంచిదైంది. మధ్యాహ్నం దాటితే నేల వేడెక్కి మబ్బులు పెరిగి ఊపు ఎక్కువవుతుంది.

సుమారు 16,000 అడుగులు దాటి మబ్బులో ఉంటే బయట చలి సున్నా కిందికి పోతుంది. రెక్కల అంచు మీద, ప్రొపెల్లర్ మీద మంచు పేరుకోకుండా ఏర్పాట్లుంటాయి. ప్రొపెల్లర్ నుంచి విడిపోయిన మంచుముక్క ఎప్పుడైనా విమానం పక్కకి తగిలి ఠక్కుమంటుంది. ఆ దెబ్బ తగిలే చోట ముందే అదనపు పలక బిగించి ఉంటుంది. ఇది ప్రతిసారీ వినబడదు, వినబడితే మాత్రం ఇదేనని చెప్పండి.

దిగేటప్పుడు రెక్కల వెనక ఫ్లాప్‌లు కిందికి వాలతాయి, వేగం తగ్గుతుంది, కడుపులో చిన్న జారుడు. చక్రాలు బయటికి వచ్చినప్పుడు మళ్లీ ఆ ధబ్‌మన్న చప్పుడు, గాలి హోరు. నేలకి తగిలాక ప్రొపెల్లర్ రెక్కలు అడ్డం తిరిగి విమానాన్ని ఆపుతాయి, అప్పుడు వచ్చే గర్జన ప్రయాణం మొత్తంలో పెద్దది. అది బ్రేకు అని చెబితే చాలు.

సీటు గురించి. మధ్య సీటు అనేదే లేదు, అటు రెండు ఇటు రెండు. మీ ఇద్దరికీ పక్కపక్కన వచ్చేలా వెబ్ చెకిన్‌లోనే పెట్టుకోండి. ప్రొపెల్లర్లు ముందు వరసలకి దగ్గరగా ఉంటాయి, అక్కడ మోత ఎక్కువ. వెనక మూడో వంతులో కూర్చుంటే మోత తగ్గుతుంది, ఎక్కడం దిగడం కూడా తొందరగా అవుతుంది. కిటికీ ఆయనకివ్వండి, ఎడమవైపుది. రెక్క పైన ఉంటుంది కనుక కిందికి చూడటానికి అడ్డం ఉండదు, చిన్న విమానంలో ఉన్న గొప్ప సుఖం ఇదే.

ఎడమవైపే ఎందుకంటే, హైదరాబాద్ పడమర. అటు తిరిగాక డెల్టా మొత్తం ఎడమ చేతి పక్కన ఉంటుంది. మబ్బు అడ్డం రాకపోతే రాజమండ్రి వంతెనలు వరసగా కనిపిస్తాయి: 1900లో కట్టిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు రైలు వంతెన, విల్లుల్లాంటి కమానులతో ఆర్చి వంతెన, ఎగువన 2015లో వచ్చిన నాలుగోది. వాటికి దిగువన ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట చోటే ఇప్పటి బ్యారేజీ ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. ఆ కింద గోదారి చీలి గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు పోతుంటే, రెండింటి మధ్యన పచ్చగా పరుచుకున్నదే మన కోనసీమ. బొబ్బర్లంక దగ్గర తలుపులెత్తితేనే మీ ఊరి కాలవకి నీళ్లొస్తాయని ఆయనకి తెలుసు. ఆ తలుపులూ ఆ కాలవా ఒకే చూపులో కనిపించడం మాత్రం ఎప్పుడూ జరిగుండదు. జూలైలో ఎర్రనీరు వచ్చేస్తే ఇంకా బావుంటుంది. నిండుగా, కావిరంగులో ఉన్న నది పచ్చటి పొలాల మధ్య ఎంత వెడల్పో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది. నేను ఉద్యోగంలో ఎన్ని ఊళ్ల మీదుగా ఎగిరినా, ఇంతకన్నా అందమైన నేల చూడలేదు.

అంటే ఆయనకి చేతినిండా పని ఉంటుంది. "నాన్నా, బ్యారేజీ ఎక్కడుందో నాకు చూపించు" అనండి. కోనసీమ గురించి కూతురికి చెప్పే అవకాశం వస్తే ఇంజను చప్పుడు ఆయనకి గుర్తు కూడా రాదు.

ఇక విమానాశ్రయంలో ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. సెక్యూరిటీ దగ్గర మగవాళ్ల వరస వేరు, ఆడవాళ్ల వరస వేరు. ఆ పది నిమిషాలు మీరాయన పక్కన ఉండలేరు. మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లు తడబడేది ఇక్కడే, విమానంలో కాదు. ముందురోజు ఇంట్లోనే చెప్పండి: ఫోను, పర్సు, తాళాలు, బెల్టు ట్రేలో పెట్టాలి, చేతులు చాచి నిలబడాలి. వెండి మొలతాడు ఉంటే పరికరం కూస్తుంది, "మొలతాడండీ" అంటే వాళ్లకి తెలుసు. బోర్డింగ్ పాస్ ఆయనది కాగితం మీద తీయించి జేబులో పెట్టండి, ఫోనులో వద్దు. ఆధార్ ఒరిజినల్ తీసుకెళ్లండి, టికెట్ మీద పేరూ దాని మీద పేరూ ఒకేలా ఉన్నాయో ఈ రోజే చూడండి. మనవాళ్లకి ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది, ఒక్కోసారి అసలుండదు. తేడా ఉంటే ఇప్పుడే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి సరిచేయించుకోవాలి.

అడకత్తెర, కొబ్బరికాయ ఒలిచే కత్తి చేతిసంచిలో ఉండకూడదు, అగ్గిపెట్టె, లైటరు అసలు ఏ సంచిలోనూ వద్దు. హాస్టలుకని అమ్మగారు సర్దే మూటలో కురిడీ కొబ్బరి తీసేయించండి. నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకునే సరుకు కింద లెక్క, లగేజీలో ఒప్పుకోరు. ఆవకాయ, నెయ్యి గట్టిగా మూత బిగించి పెద్ద సామానులోనే వెయ్యండి. పూతరేకులు చేతిలో పట్టుకెళ్లొచ్చు, నలగకుండా అదే మంచిది. పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. మామూలు టికెట్‌కి లోపల వేసే సామాను 15 కిలోలు, చేతిది 7 కిలోలు. ఏటీఆర్‌లో తల పైన అరలు చిన్నవి, చక్రాల సూట్‌కేసు పట్టదు, మెత్తటి సంచి తీసుకోండి.

షుగరు, బీపీ మాత్రలు ఆయన జేబులోనో మీ చేతిసంచిలోనో ఉండాలి. టిఫిన్ తినిపించి ఎక్కించండి. గుండెకి స్టెంటు లాంటిది ఈ మధ్య వేయించుకుని ఉంటే డాక్టరుగారిని అడక్కుండా బయలుదేరకండి. జలుబు ఉంటే దిగేటప్పుడు చెవులు బాగా పోటు పెడతాయి, దానికీ ముందే మందు అడగండి. జలుబు లేనివాళ్లకి దిగడం మొదలైన దగ్గర్నుంచి పటికబెల్లం ముక్క చప్పరిస్తూ గుటకలు వేస్తే సరిపోతుంది. టాయిలెట్ ఒక్కటే ఉంటుంది, ఎక్కేముందే వెళ్లొచ్చెయ్యమనండి.

అల్లవరం నుంచి మధురపూడి తేలిగ్గా తీసుకునే దూరం కాదు. అమలాపురం, రావులపాలెం, జొన్నాడ మీదుగా వచ్చి రాజమండ్రి దాటి కోరుకొండ రోడ్డులో వెళ్లాలి, రోడ్డు మీదే మూడు గంటలు వేసుకోండి. విమానానికి గంట ముందు చెకిన్ కౌంటర్ మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా తెరవరు. రాజమండ్రిలో చుట్టాలుంటే ముందురోజు రాత్రే వచ్చెయ్యడం నయం. చెరువుల మీద నమ్మకమైన మనిషిని పెట్టి, ఆ మనిషి ఫోను నంబరు ఆయనతో పాటు మీ దగ్గరా ఉంచుకోండి. విమానం దిగగానే ఆయన మొదట చేసే ఫోను అదే, చేయనివ్వండి.

క్యాంపస్ గురించి. శంషాబాద్ నుంచి గచ్చిబౌలి రింగు రోడ్డు మీదుగా సుమారు 30 కిలోమీటర్లు, ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. 1974లో పెట్టిన ఆ యూనివర్సిటీ రెండు వేల ఎకరాలకి పైన ఉంటుంది, చెట్లూ రాళ్లూ చెరువులూ. నడిచి చూడటం ఆయన వల్ల కాదు, లోపల ఆటో మాట్లాడుకోండి. మీరు చదవబోయే డిపార్ట్‌మెంటు చూపించండి గానీ, ఎక్కువసేపు గడపాల్సింది అక్కడ కాదు. హాస్టలు ఆఫీసులో వార్డెన్‌తో ఆయన్నే మాట్లాడనివ్వండి, మీరు పక్కన నిలబడండి. రాత్రి గేటు ఎప్పుడు వేస్తారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, హెల్త్ సెంటర్ ఎంత దూరం, తాగునీళ్లు ఎలా వస్తాయి. ఇవి ఆయన అడిగే ప్రశ్నలు, మీకు గుర్తురావు. వీలైతే ఆ పూట అక్కడి మెస్సులోనే ఆయనతో భోజనం చేయించండి. మీరు రేపట్నించి తినేది ఏమిటో తెలిస్తే ఇంటికెళ్లి మీ అమ్మగారికి చెప్పుకోగలుగుతారు. మన జిల్లాల పిల్లలు ఎవరైనా కనిపిస్తే ఆయనతో మాట్లాడించండి.

తిరుగు ప్రయాణం మాత్రం విమానంలో వద్దు. ఆయన అడిగిన గౌతమిలోనే ఇద్దరూ రండి. నాన్నగారి మాట నెగ్గించడానికి చెప్పడం లేదు. రేపట్నించి దసరాకీ సంక్రాంతికీ మీరు ఒంటరిగా ఇంటికి రావాల్సిన దారి అది. సంక్రాంతి రోజుల్లో మధురపూడిలో పొద్దుటిపూట పొగమంచు కమ్మి విమానాలు ఆలస్యమవుతుంటాయి కూడా. లింగంపల్లి స్టేషను యూనివర్సిటీకి దగ్గర. క్యాంపస్ గేటు నుంచి స్టేషనుకి ఎలా రావాలి, ఏ ప్లాట్‌ఫాం, ఆడపిల్ల రాత్రిపూట ఎక్కడ కూర్చుని ఎదురుచూడాలి, తెల్లవారుజామున రాజమండ్రిలో దిగి అమలాపురం బస్సు ఎక్కడ పట్టుకోవాలి, ఇదంతా ఆయన మీతో కలిసి ఒక్కసారి నడిచి చూస్తే, తర్వాత మీరు రైలెక్కిన ప్రతి రాత్రీ మీరెక్కడున్నారో ఆయన ఊహించుకోగలరు. వెళ్లేటప్పుడు విమానమెక్కడం రెండు రోజుల్లో పని ముగించుకుని ఆయన చెరువుల దగ్గరికి తిరిగి రావడానికి పనికొస్తుంది, కూతురు ఎలా వచ్చిపోతుందో మాత్రం రైలే చూపించాలి.

ఆయనకి 60 దాటి ఉంటే రిజర్వేషన్‌లో లోయర్ బెర్తు కోటా అడగండి. కాలేజీలు తెరిచే రోజులు కదా, గౌతమికి వెయిటింగ్ లిస్టు తొందరగా పెరిగిపోతుంది, ఆ టికెట్టు ఇవాళే చూసుకోండి.